మన మనిషి – వారి కొలువు

పట్టణములో ఒక ఆడిటరుగారి కచేరీని ఊహింపుడు. మేడమీద రెండు గదులు, గోడలనిండ దస్తరములు, ఆరుగురు సహాయకులు. వారిలో ఒక యువకుడు మూడేండ్లుగా ప్రతి నెలయు మొదటివారమున ఊరిచివర నున్న నూనెమిల్లునకు పోయి లెక్కలు చూచి వచ్చుచున్నాడు. మిల్లు యజమానికి ఆడిటరుగారి ముఖము ఏడాదికొక పర్యాయము కనబడును. ఈ యువకుని ముఖము నెలనెలా కనబడును. ఏ చిట్టాలో ఏ పద్దు ఉన్నదో, ఏ పన్ను ఏ తేదీకి కట్టవలెనో అతనికి కంఠస్థము. ఒకనాడు యజమాని కాఫీ తెప్పించి, "అక్కడ నీకేమిస్తున్నారబ్బాయ్?" అని అడుగును. రెండు నెలలు తిరుగకముందే ఆ యువకుడు అదే బల్లముందు, అదే చిట్టా విప్పుకొని కూర్చుండును. మారినది ఒక్కటే: అతడిప్పుడు ఆడిటరుగారి మనిషి కాడు, మిల్లు ఉద్యోగి.

ఇది ఏనాటినుండియో జరుగుచున్న కథ. కాని ఇటీవల దీని విస్తీర్ణము పెరిగినది. 1998లో హైదరాబాదు మాదాపూరున సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట ఆ చుట్టుపట్ల వెలసిన కంపెనీలన్నియు పెద్దవి కావు. పదిమంది, ఇరువదిమంది ఉద్యోగులతో నడచు చిన్న సంస్థలు పెక్కు కలవు. వాటి ఇంజనీర్లు తమ కచేరీలో కూర్చుండు దినములకంటె, పని చేయించుకొను పెద్ద కంపెనీ భవనములో కూర్చుండు దినములే ఎక్కువ. ఇండ్లకు నర్సులను పంపు సంస్థలు, ఆసుపత్రి యంత్రములను బాగుచేయు సంస్థలు, కాపలాదారులను సమకూర్చు సంస్థలు – వీటి పరిస్థితియు ఇట్టిదే. ఈ విధముగా సేవను కొను పక్షమును వ్యాపారభాషలో క్లయింటు అందురు. మనమును ఆ మాటనే వాడుకొందము.

వేయిమంది ఉన్న కంపెనీలో ఇద్దరు పోయినచో ఆ వెలితి ఎవరికిని తెలియదు. పదిమంది ఉన్న సంస్థలో ఇద్దరు పోయినచో అయిదవవంతు బలము పోయినట్లు. పని తెలిసిన ఆ ఇద్దరు క్లయింటు గూటికే చేరినప్పుడు ఆ క్లయింటునకు ఇక మన సంస్థతో పని యుండదు. పోయినది ఉద్యోగులు మాత్రమే గాదు, రాబడియు పోయినది. మిగిలిన ఎనిమిదిమంది జీతములకు దారి వెదకుకొనవలసి వచ్చును. మరియొకవైపు చూడుడు. పోవు యువకునకు ఇది జీవితములో ఒక మెట్టు. ఇంట చెల్లెలి చదువుండవచ్చును, తండ్రి అప్పుండవచ్చును. ఆ మెట్టు ఎక్కవద్దని అతనికి చెప్పు హక్కు ఎవరికి కలదు? ఈ రెండు న్యాయములమధ్య దారి ఏదో చూచుటే ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము. గొంతు సవరించి, ఉచ్చారణ దిద్ది, మైకుముందు నిలిపిన అనౌన్సరు మరియొక చోటికి తరలిపోయినప్పుడు కలుగు వెలితిని రేడియోవారమైన మేమును ఎరుగుదుము. కావున ఇది మాకు కేవలము పరుల సమస్య కాదు.

మొదట ఇది ఎందువలన జరుగునో చూతము. చాలమంది యజమానులు దీనిని కృతఘ్నత యందురు. పని నేర్పినది తాము, ఫలమనుభవించునది వారు అని వాపోవుదురు. కాని లెక్కవేసి చూచినచో ఇందు కృతఘ్నతకంటె గణితమే హెచ్చుగా కానవచ్చును. ఉదాహరణకొరకు కొన్ని అంకెలు తీసికొందము. ఒక ఉద్యోగి సేవకు క్లయింటు నెలకు 1,00,000 రూపాయలు సంస్థకు చెల్లించుచున్నాడు. అందులో సంస్థ 60,000 రూపాయలు ఉద్యోగికి జీతముగా ఇచ్చుచున్నది. ఇక క్లయింటు ఆ ఉద్యోగిని తానే 80,000 రూపాయల జీతముతో పెట్టుకొన్నాడనుకొందము. క్లయింటునకు నెలకు 20,000 మిగులును. ఉద్యోగికి నెలకు 20,000 పెరుగును. ఇద్దరికిని లాభమే. ఆ రెండు లాభములు కలిసి 40,000. అది సరిగా మూడవవాడైన సంస్థ యజమాని పోగొట్టుకొన్న మొత్తము.

ఆ 40,000 రూపాయలను సంస్థ ఊరక తినుచుండలేదు. గది అద్దె, పని దొరకని నెలలలో ఇచ్చిన జీతము, కొత్తవాడు పని నేర్చుకొను సంవత్సరమున ఓర్చుకొన్న నష్టము, ఉద్యోగి జ్వరపడినప్పుడు మరియొకని పంపవలసిన పూచీ – ఇవన్నియు అందులోనివే. కాని ఇవి క్లయింటు కంటికి కనబడవు. ఉద్యోగి కంటికిని కనబడవు. కనబడనిదానికి వెల కట్టువారు అరుదు. ఈ సంగతి జ్ఞాపకముంచుకొన్నచో తరువాత చెప్పబోవు విషయము సులభముగా బోధపడును.

యజమానికి తోచు మొదటి ఉపాయము కట్టడి. ఉద్యోగమిచ్చునాడే ఒక కాగితముమీద సంతకము తీసికొనుట. ఈ సంస్థను విడిచిన పిమ్మట రెండేండ్లవరకు దీని క్లయింట్లలో ఎవరియొద్దను కొలువు చేయనని ఆ కాగితము చెప్పును. ఇట్టి వాక్యములు గల నియామకపత్రములు మనలో కొందరి ఇండ్ల బీరువాలలోనే ఉండవచ్చును. దాని బలమెంత? మన దేశములో ఉద్యోగము ముగిసిన తరువాత దాని బలము దాదాపు శూన్యమనియే చెప్పవలెను.

దీనికి మూలము 1872లో వచ్చిన భారత కాంట్రాక్టు చట్టము. న్యాయసమ్మతమైన ఏ వృత్తినిగాని, వ్యాపారమునుగాని చేయకుండ ఒకనిని ఆపు ఒప్పందము ఆ మేరకు చెల్లదని దాని 27వ సెక్షను చెప్పుచున్నది. వ్యాపారమును దాని మంచిపేరుతోసహా అమ్మివేసినవానికి మాత్రము ఒక మినహాయింపు కలదు. ఉద్యోగికి అట్టి మినహాయింపు లేదు. ఈ నియమముయొక్క జన్మవృత్తాంతము వింతగా నుండును. దీనిని డేవిడ్ డడ్లీ ఫీల్డ్ అను అమెరికా న్యాయవాది న్యూయార్కు రాష్ట్రముకొరకు తయారుచేసిన స్మృతినుండి తీసికొన్నారు. న్యూయార్కు ఆ పౌరస్మృతిని చట్టముగా అంగీకరింపలేదు. అంగీకరించిన వారిలో ఒకరు కాలిఫోర్నియావారు, వేరొకరు మన దేశమునకు చట్టములు వ్రాసినవారు. రెండుచోట్లను అది 1872లోనే చట్టముగా ఆమోదింపబడినది. నేడు మన యువకులు పోయి కొలువు చేయుచున్న సిలికాన్ వ్యాలీలోను, మాదాపూరులోను ఈ విషయమున న్యాయము ఒకే ఊటనుండి పుట్టినదన్నమాట.

చట్టము వచ్చిన రెండేండ్లకే, 1874లో, కలకత్తా హైకోర్టు ముందుకు ఒక వ్యాజ్యము వచ్చెను. ఒకే పేటలో పోటీగా వర్తకము చేయు రెండు పక్షములలో ఒకరు తమ అంగడిని ఆ పేటలో మూసివేయుటకును, అందుకు రెండవవారు సొమ్ము ఇచ్చుటకును ఒప్పుకొనిరి. అంగడి మూతబడినది, సొమ్ము మాత్రము రాలేదు. కోర్టుకు పోగా, ఆ ఒప్పందమే చెల్లదని తీర్పు వచ్చినది. పేట ఒక్కటియే కదా, ఊరంతయు కాదు కదా అను వాదమును న్యాయస్థానము అంగీకరింపలేదు. కొద్దిపాటి ఆటంకమును ఆటంకమే యని నిర్ణయించినది.

అయితే ఉద్యోగము జరుగుచున్న కాలమునకు న్యాయము వేరు. 1967లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన వ్యాజ్యములో, టైర్లకు వాడు నూలును తయారుచేయు సంస్థలో అయిదేండ్లు పనిచేయుదునని ఒప్పుకొన్న ఉద్యోగి, గడువు ముగియకముందే పోటీసంస్థలో చేరినాడు. ఆ అయిదేండ్ల గడువు లోపల అట్లు చేరరాదన్న కట్టడి చెల్లునని కోర్టు చెప్పినది. 1980లో వచ్చిన మరియొక వ్యాజ్యములో, సరుకుల నాణ్యమును, తూనికను పరీక్షించు సంస్థయొకటి తన పాత ఉద్యోగి స్వంతముగా అదే వృత్తి చేయుటను ఆపవలెనని కోరినది. రెండేండ్ల నిషేధమున్న కాగితము చేతిలో నున్నను ఆ సంస్థ గెలువలేదు. కొలువు ముగిసిన పిమ్మటి నిషేధము సమంజసమైనదైనను, కాకపోయినను చెల్లనేరదని న్యాయమూర్తి ఎ.పి. సేన్ ఆ తీర్పులో విపులముగా వివరించినారు.

గడువు లోపలనైనను న్యాయస్థానము చేయగలిగినదేమి? ఇందుకు ఇంగ్లండులో 1852లో జరిగిన ఒక వ్యాజ్యము ప్రసిద్ధము. జోహానా వాగ్నర్ అను గాయని లండనులోని ఒక నాటకశాలలో మూడు నెలలు పాడుటకును, ఆ కాలములో మరియెక్కడను పాడకుండుటకును ఒప్పుకొన్నది. పోటీ నాటకశాలవారు ఎక్కువ సొమ్ము చూపగా అటు మొగ్గినది. ఆమె అచ్చట పాడరాదని న్యాయస్థానము నిషేధించినది. కాని ఇచ్చట పాడి తీరవలెనని మాత్రము ఆజ్ఞాపింపజాలనన్నది. పాట గొంతునుండి రావలసినదేకాని, ఉత్తరువునుండి వచ్చునది కాదు. మన దేశములోను ఇదే సూత్రము. ఒకని వ్యక్తిగతమైన నేర్పుమీద ఆధారపడిన పనిని కోర్టు బలవంతముగా చేయింపదు.

బలవంతముగా చేయించిన కాలమును మన పల్లెలు ఎరుగును. ముందుగా అప్పిచ్చి, అది తీరువరకు పాలేరును ఆ ఇంటికే కట్టివేయు పద్ధతి కోస్తా జిల్లాలలోను, వెట్టి తెలంగాణములోను ఎంత కాలము సాగినవో పెద్దలకు జ్ఞాపకమే. రాజ్యాంగముయొక్క 23వ అధికరణము వెట్టిని నిషేధించినది; అప్పుకొరకు మనిషిని కట్టివేయుటను 1976లో వచ్చిన చట్టము రద్దుచేసినది. నేటి కచేరీ ఉద్యోగము పాలేరుతనము కాదు. అయినను ఉద్యోగి పట్టాలను, సర్టిఫికెట్లను బీరువాలో పెట్టి తాళము వేయు సంస్థలు లేకపోలేదు. కాగితములను పట్టి మనిషిని ఆపవలెనను బుద్ధి ఆ పాత బుద్ధికి దగ్గర చుట్టమే.

ఇక బాండు. నిర్ణీతకాలము పనిచేయనిచో ఇంత సొమ్ము చెల్లింతునని ఉద్యోగి వ్రాసియిచ్చు పత్రమునకు ఈ పేరు. ఇది పూర్తిగా చెల్లనిది కాదు. ఒక ప్రభుత్వరంగ బ్యాంకు, మూడేండ్లలోపల కొలువు విడిచిన ఉద్యోగి 2,00,000 రూపాయలు చెల్లింపవలెనని పెట్టిన నియమమును 2025లో సుప్రీంకోర్టు సమర్థించినది. ఒకరు మధ్యలో పోయినచో మరల ప్రకటనలు, పరీక్షలు జరిపి నియమించుకొనుటకు అగు వ్యయమును కోర్టు గమనించినది. అయినను చిన్న సంస్థలు దీనిని చూచి సంబరపడరాదు. కాంట్రాక్టు చట్టము 74వ సెక్షను ప్రకారము పత్రములో వ్రాసిన మొత్తము గరిష్ఠపరిమితి మాత్రమే. దానికి లోబడి న్యాయమైన పరిహారమునే కోర్టు ఇప్పించును. శిక్షణకు 50,000 వ్యయము చేసి 5,00,000 కోరినచో లభింపదు. పైగా వ్యాజ్యము ఏండ్ల తరబడి సాగును. నష్టపోయినవాడు నెలజీతపు యువకునిమీద దావా వేసి గెలిచినను, దాని వలన పోయిన క్లయింటు తిరిగి రాడు. మిగిలిన ఉద్యోగులు మాత్రము ఆ దావాను చూచి తమ సంచులు సర్దుకొందురు.

కావున తాడు వేయవలసినది ఉద్యోగి కాలికి కాదు. మరి ఎవరితో ఒప్పందము చేసికొనవలెను? పైన చెప్పిన లెక్కను మరల జ్ఞాపకము చేసికొనుడు. ఈ మార్పువలన లాభపడు ఇద్దరిలో ఒకడు క్లయింటు. అతడు వ్యాపారస్థుడు, ఒప్పందములు చదివి సంతకము చేయుటకు అలవాటుపడినవాడు, మాట తప్పినచో సొమ్ము చెల్లింపగలవాడు. ఒప్పందము చేసికొనవలసినది అతనితో.

దీనికి న్యాయస్థానముల ఆమోదము కలదా? కలదు. 2006లో ఢిల్లీ హైకోర్టు విప్రో సంస్థకును, బెక్‌మన్ కౌల్టర్ సంస్థకును మధ్య వచ్చిన వివాదమును విచారించినది. వైద్యపరీక్షల సాధనములను తయారుచేయు బెక్‌మన్ కౌల్టర్‌కు విప్రో భారతదేశములో పంపిణీదారుగా నుండెను. తమ ఒప్పందము ముగిసిన రెండేండ్లవరకు ఒకరి ఉద్యోగులను మరియొకరు పిలువరాదని, ప్రేరేపింపరాదని ఇద్దరును వ్రాసికొన్నారు. పిమ్మట బెక్‌మన్ కౌల్టర్ తానే భారతదేశములో వ్యాపారము సాగింపదలచి, తన సాధనములతో అనుభవమున్నవారు కావలెనని పత్రికలో ప్రకటించినది. అట్టి అనుభవమున్నవారు ఎక్కువగా ఎవరియొద్ద నుందురో చెప్పనక్కరలేదు. ఇట్టి ఒప్పందము ఉద్యోగి చేతులు కట్టునది కాదనియు, ఆ సంస్థ చేతులు మాత్రమే కట్టుననియు, కావున 27వ సెక్షనునకు విరుద్ధము కాదనియు కోర్టు చెప్పినది. ఉద్యోగులు తమంతట తాము కొలువు మారుటను ఆపలేమనియు, నష్టమునకు పరిహారము కోరవచ్చుననియు వివరించినది. ఇక్కడనే మన ప్రశ్నకు సగము సమాధానము దొరకుచున్నది: మనిషి స్వేచ్ఛ మనిషిదే, పిలిచినవాని బాధ్యత పిలిచినవానిది.

చిన్న సంస్థ తన క్లయింటుతో వ్రాసికొనదగిన మాటలు నాలుగు. మొదటిది, పని జరుగుచున్నంతకాలమును, తరువాత ఒక సంవత్సరమును మన ఉద్యోగులను తానై పిలువనని క్లయింటు ఒప్పుకొనుట. రెండవది, ఒకనిని నిజముగా కోరినచో మొదట మనకు తెలుపుట. మూడవది, అట్లు తీసికొన్నప్పుడు ముందే నిశ్చయించుకొన్న రుసుము మనకు చెల్లించుట. అది ఆ ఉద్యోగికి పని నేర్పుటకును, అతని స్థానములో మరియొకనిని తయారుచేయుటకును అగు వ్యయమునకు సరితూగవలెను. నాలుగవది, కొత్తవాడు కుదురుకొనువరకు ఒకటి రెండు నెలల వ్యవధి ఇచ్చుట. రుసుము మరీ ఎక్కువైనచో క్లయింటు సంతకము చేయడు. మరీ తక్కువైనచో దానిని లెక్కచేయడు. సరియైన రుసుము ఉన్నచోట, ఇంతకుముందు ఎవరికిని కనబడని ఆ 40,000 రూపాయల కష్టము కాగితముమీద కనబడును.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయవలసియున్నది. ఈ ఒప్పందము ఉద్యోగికి తెలియకుండ జరుగరాదు. అమెరికాలో ఆపిల్, గూగుల్, ఇంటెల్, అడోబీ మొదలగు పెద్ద కంపెనీలు ఒకరి ఉద్యోగులను మరియొకరు పిలువరాదని లోలోపల మాటాడుకొన్నవని 2010లో అక్కడి ప్రభుత్వము వ్యాజ్యము వేసినది. అట్టి కట్టుబాట్లను ఆ కంపెనీలు విడిచిపెట్టవలసి వచ్చెను. తరువాత ఉద్యోగులు వేసిన దావాలో పై నాలుగు కంపెనీలును కలిసి 41 కోట్ల 50 లక్షల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొనగా, 2015లో న్యాయస్థానము ఆ రాజీని ఆమోదించినది. ఒక పనిని కలిసి నిర్వహించుటకు అవసరమైనంత మేర, కొంత గడువుతో, బహిరంగముగా వ్రాసికొన్న మాట వేరు. జీతములు పెరుగకుండ చాటుగా చేసికొన్న కట్టు వేరు. చేరినరోజుననే ఉద్యోగికి దీనిని చదివి వినిపించుట ధర్మము, క్షేమము కూడ.

అమెరికాలో స్థిరపడిన మనవారికి ఈ సమస్య మరింత సన్నిహితము. న్యూజెర్సీలోను, టెక్సాసులోను తెలుగువారు నడపు కన్సల్టెన్సీలు అనేకము. అక్కడ ఉద్యోగి వీసా ఒకరి పేర, కూర్చుండు బల్ల మరియొకరి భవనములో నుండును. క్లయింటు స్వయముగా ఉద్యోగమిత్తునన్నప్పుడు ఎచ్1బి వీసా మీద నున్న యువకుడు భయపడుట సహజము. 2000లో వచ్చిన చట్టము ప్రకారము కొత్త యజమాని విధిప్రకారము దరఖాస్తు పెట్టినవెంటనే అట్టివాడు అచ్చట పని మొదలుపెట్టవచ్చును. ముందుగా విడిచినందుకు జరిమానా వసూలుచేయుటకు పాత యజమానికి అధికారము లేదు. నిజముగా కలిగిన నష్టమునకు ముందే న్యాయముగా నిర్ణయించుకొన్న పరిహారమును మాత్రము రాష్ట్రచట్టము అనుమతించినంత మేర కోరవచ్చును. జరిమానాకును పరిహారమునకును నడుమ గీచిన ఈ గీత, మన 74వ సెక్షనులో చూచిన గీతకు సోదరి వంటిది.

ఒప్పందము వలన సగము పని నెరవేరును. మిగిలిన సగము ఇల్లు చక్కదిద్దుకొనుట. క్లయింటు ఎక్కువ జీతము ఇయ్యగలడు; ఆ పోటీలో చిన్న సంస్థ ఎప్పుడును గెలువదు. క్లయింటు ఇయ్యలేనిది ఏది అన్నదే ప్రశ్న. నూనెమిల్లులో చేరిన యువకుడు జీవితమంతయు నూనె లెక్కలే వ్రాయును. ఆడిటరుగారి కచేరీలో నున్నచో ఒక ఏడు మిల్లు, ఒక ఏడు ఆసుపత్రి, ఒక ఏడు సహకార బ్యాంకు చూచును. ఈ వైవిధ్యము చిన్న సంస్థయొక్క ఆస్తి. కాని యజమాని ఏమి చేయుచున్నాడు? పని బాగుగా సాగుచున్నదని ఒకే మనిషిని ఒకే క్లయింటునొద్ద మూడేండ్లు, నాలుగేండ్లు ఒంటరిగా వదలివేయుచున్నాడు. పండుగకు తప్ప కచేరీకి పిలువడు. ఆ యువకుడు భోజనము చేయునది క్లయింటు క్యాంటీనులో. మాటలాడునది క్లయింటు మనుషులతో. అతడు సంస్థను విడిచిన రోజు రాజీనామా ఇచ్చిన రోజు కాదు. అంతకు చాల ముందే విడిచినాడు. మనమే పంపివేసినాము.

దీనికి చికిత్స కష్టమైనది కాదు. ఒక్కొక్క క్లయింటునొద్దకు ఒకరిని కాక ఇద్దరిని అలవాటుచేయుట. ఏడాది, ఏడాదిన్నరకొకసారి పని మార్చుట. వారమునకొక పూట అందరును సొంత కచేరీలో కూడుట. యజమాని తానే నెలకొక పర్యాయము క్లయింటును కలియుట. ఇట్లు చేసినచో క్లయింటునకు ఒక యువకుడు కాక ఒక సంస్థ కనబడును. పని వివరములను ఎప్పటికప్పుడు వ్రాసి ఉంచుట మరియొక జాగ్రత్త. జ్ఞానమంతయు ఒకని తలలోనే ఉన్నచో అతనితోపాటు అదియు నడచిపోవును. రాబడి అంతయు ఒకే క్లయింటుమీద ఆధారపడకుండ చూచుకొనుట అన్నిటికంటె ముఖ్యము. ఒకే స్తంభముమీద కట్టిన పందిరికి ఎంత కాపలా పెట్టినను గాలి అంటే భయమే.

జీతము విషయములోను దాపరికము పనికిరాదు. క్లయింటు ఎంత ఇచ్చుచున్నాడో ఉద్యోగికి ఎట్లును తెలియును. అక్కడి గుమస్తాయే చెప్పును. అట్లు తెలిసినప్పుడు తాను దోపబడినట్లు అతనికి తోచును. మనమే ముందుగా కూర్చుండబెట్టి, వచ్చినదింత, అద్దెకింత, పనిలేని నెలలకు దాచినదింత, మిగిలినదింత అని చూపినచో ఆ అపోహకు తావుండదు. మిగిలినదానిలో ఒక పాలు ఏడాదికొకమారు పంచినచో మరియు మేలు. జీతములు మొదటితేదీకే ఇచ్చుట ఉపాయము కాదు, కనీసధర్మము. కాని పదవ తేదీకి జీతమిచ్చు యజమాని నమ్మకమునుగూర్చి ఉపన్యసించుట వినువారికి నవ్వు తెప్పించును.

ఇంత చేసినను కొందరు పోవుదురు. పోవలసినదే. పోవునప్పుడు యజమాని ప్రవర్తించు తీరును మిగిలినవారందరు చూచుచుందురు. మెకిన్సీ వంటి పెద్ద సలహాసంస్థలు తమను విడిచినవారిని శత్రువులుగా చూడవు. వారి చిరునామాలు భద్రపరచుకొని, అప్పుడప్పుడు సమావేశపరచి, చుట్టరికము నిలుపుకొనును. క్లయింటు కంపెనీలో మన పాత ఉద్యోగి పెద్ద స్థానమునకు వచ్చినచో, రేపటి పని ఎవరికియ్యవలెనను ప్రశ్న పుట్టినప్పుడు అతని నోట వచ్చు మొదటి పేరు మనది కావచ్చును, కాకపోవచ్చును కూడ. అది మనము వీడ్కోలు పలికిన తీరునుబట్టి యుండును.

ఈ ప్రసంగము వినుచున్న ఇండ్లలో సంస్థ యజమానులకంటె ఉద్యోగుల తల్లిదండ్రులే ఎక్కువగా నుందురు. కావున వారికొక మాట. మీ కుమారునిగాని, కుమార్తెనుగాని క్లయింటు పిలిచినచో సంతోషింపుడు. అది వారి నేర్పునకు వచ్చిన గుర్తింపు. కాని సంతకముచేసిన కాగితమును ఒకసారి ఆసాంతము చదువుడని చెప్పుడు. నోటీసు గడువు పూర్తిచేసి, పని అప్పగించి, మర్యాదగా సెలవు తీసికొనుడని చెప్పుడు. నేర్చిన విద్య తలలో నున్నది. దానిని ఎవరును తీసికొనలేరు. కాని సంస్థయొక్క ధరల పట్టికలు, క్లయింట్ల వివరములు, రహస్యపత్రములు బీరువాలోనివి. అవి సంచిలో వేసికొని పోవుట తప్పు. గడువు మిగిలి యుండగానే ఒప్పందము భంగపరచుటకు తెలిసియు ప్రేరేపించినవానిదియు తప్పేయని, ఆ గాయని వ్యవహారమునుండి పుట్టిన రెండవ వ్యాజ్యములో 1853లో ఇంగ్లీషు న్యాయస్థానము చెప్పినది.

మరల ఆ నూనెమిల్లునకు పోదము. యువకుడు చిట్టా ముందు కూర్చున్నాడు. ఈసారి కథ కొంచెము మారినదనుకొందము. మిల్లు యజమాని అతనిని అడుగుటకు ముందు ఆడిటరుగారికి కబురు పంపినాడు. ఒప్పందము ప్రకారము రుసుము చెల్లించినాడు. రెండు నెలలు ఆగినాడు. ఆ రెండు నెలలలో మరియొక సహాయకుడు ఆ చిట్టాలకు అలవాటుపడినాడు. యువకుడు కచేరీలో అందరితో కలిసి భోజనముచేసి, ఆడిటరుగారికి నమస్కరించి పోయినాడు. ఏడాది చివర తనిఖీకి ఆడిటరుగారు మిల్లునకు వచ్చినప్పుడు, కుర్చీ వేసి, లెక్కలు తప్పులేకుండ సిద్ధముచేసి ఎదురుచూచినవాడు అతడే. మిల్లు నష్టపోలేదు, కచేరీ మూతబడలేదు, యువకుడు ఎవరికిని ముఖము చాటువేయలేదు. పోవుటను ఎవరును ఆపలేదు. పోవుటకు ఒక దారి వేసినారు, అంతే.